యంత్రశిల్పి జోసెఫ్ బ్రౌను

బ్రౌను అను పేరు వినగానే మన తెలుగువారికి నిఘంటుకర్తయగు చార్లెసు ఫిలిప్పు బ్రౌనుగారు జ్ఞప్తికి వత్తురు. ఆయన మన బందరులోను కొంతకాలము కుంఫిణీ ఉద్యోగము చేసినవారగుటచే నట్లు తోచుట సహజమే. మేమిప్పుడు వ్రాయబూనినది ఆయనను గూర్చి కాదు. ఆ కాలముననే సముద్రములకావల, అమెరికాలో, గడియారములు చేయు చిన్న అంగడిలో కూర్చుండి, అంగుళములో వేయవ వంతును సామాన్యపు పనివాని చేతికందించిన వేఱొక బ్రౌనును గూర్చి. ఆయన పూర్తి పేరు జోసెఫ్ రోజర్సు బ్రౌను. లేతు యంత్రముల యొద్దను, మిల్లింగు యంత్రముల యొద్దను పనిచేయువారు ఆయన అంగడి పేరుగల టేపరును, ఆయన సమకాలికుడగు మోర్సు పేరుగల టేపరును ఎఱిగియే యుందురు. ఆ పేరులు గలవారెవ్వరని యడుగువారు మాత్రము తక్కువ.

పోయిన వేసవి సెలవులకు ముందు పై తరగతి విద్యార్థులను కొందఱిని వెంటబెట్టుకొని గుడివాడలో నొక మరమ్మతు కార్ఖానా చూడబోయితిమి. ధాన్యపు మిల్లుల భాగములును, చేపల చెఱువులకు నీరెత్తు ఇంజనులును అచ్చట బాగుచేయుదురు. మేము పోవునప్పటికి మేస్త్రీ డ్రిల్లింగు యంత్రమునకు బరమా మార్చుచుండెను. యంత్రపు మెడయందున్న చీలికలో నొక పలుచని ఇనుపమేకును దూర్చి సుత్తితో ఒక్కదెబ్బ కొట్టగానే బరమా ఆయన అఱచేతిలోనికి ఊడిపడెను. పాతగుడ్డతో వేఱొక బరమాను తుడిచి, ఆ రంధ్రములోనికే ఒక్కపోటున నెట్టెను. అంతటితో నది బిగిసికొనెను. మరమేకు లేదు, నట్టు లేదు. విద్యార్థులలో నొక చిన్నవాడు దానిని పట్టుకొనియున్నదేమని మమ్మడిగెను. ఘర్షణయని ఒక్కమాటలో బదులు చెప్పితిమి గాని, ఆ బదులు చాలదని మాకే తోచెను. ఆ కొఱతను తీర్చుకొనుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మన ప్రాంతపు నూజివీడు వీణెలు పేరెన్నికగన్నవి గదా. వీణెకు తంత్రులు బిగించు బిరడలను చూచినవారికి టేపరు అననేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. బిరడ ఒక కొనయందు లావు, రెండవ కొనయందు సన్నము. అది దూరు రంధ్రమును అట్టిదే. వాయించువారు శ్రుతి సరిచేసి బిరడను కొంచెము లోనికి నొక్కుదురు. అంతట తంత్రి యెంత లాగినను బిరడ తిరుగదు. ఇదియే బిరడను నిడివి పొడవున ఒకే లావుగా చేసియుండినచో ఏమగును? రంధ్రమంత లావైనచో లోనికి పోదు. రంధ్రముకంటె సన్నమైనచో లోపల ఆడుచుండును. క్రమముగా సన్నగిల్లు కడ్డీకి ఈ చిక్కు లేదు. లోనికి పోయినకొలది చుట్టును ఆనుకొని బిగియును. అంతేగాక రంధ్రపు నడిమి గీటును, కడ్డీ నడిమి గీటును తమంతట తామే ఏకమగును. ఈ రెండవ గుణము వీణెకు అంతగా నక్కఱలేదు గాని యంత్రమునకు ప్రాణము. గిరగిర తిరుగు బరమా మొన నడిమికి వెంట్రుకవాసి తప్పినను రంధ్రము వంకరపోవును.

కడ్డీ ఎంత సన్నగిల్లుచున్నదో చెప్పుటకు ఇంగ్లీషు కొలతలు వాడు యంత్రశిల్పులు అడుగు లెక్క పెట్టుకొనిరి. ఒక అడుగు పొడవున వ్యాసము అర అంగుళము తగ్గినచో అది అడుగునకు అర అంగుళపు టేపరు. ఈ లెక్కను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

ఇక చరిత్రమునకు వత్తము. జోసెఫ్ బ్రౌను 1810వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమెరికాలోని రోడ్ ఐలండు రాష్ట్రమున, వారెన్ అను ఊర జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను గడియారముల పనివాడు. మన యొద్ద కంసాలి కుమారుడు కొలిమి యొద్దనే నడక నేర్చునట్లు, ఈ బాలుడును పండ్లచక్రముల నడుమనే పెరిగెను. పదునేడవ యేట వాలీ ఫాల్సు అను చోట ప్రత్తి యంత్రములు చేయు కార్ఖానాలో పనివాడుగా చేరెను. ఆ ప్రాంతమంతయు నపుడు నూలు యంత్రముల సీమ. ఇంగ్లండులోను, తరువాత నట్టి సీమలలోను పుట్టిన మరనూలే మన బందరు అద్దకముల వర్తకమును, మన సాలెవారి మగ్గములను దెబ్బతీసినది. బ్రౌను పని నేర్చిన లేతు ఆ వృత్తాంతములో నొక మూలను నిలిచియున్నదని మఱువరాదు.

తరువాత తండ్రితో గూడి గోపురములకమర్చు పెద్ద గడియారములు చేసెను. ఇరువదియొకటవ యేట తనకు తానుగా చిన్న చిన్న పనిముట్లను, లేతులను చేయసాగెను. 1833లో తండ్రీకొడుకులిరువురును ప్రావిడెన్సు పట్టణమున అంగడి తెఱచిరి. ఆ దినములలో మన సీమ డొక్కల కరువుతో అల్లాడుచుండెను. గుంటూరు, బందరు ప్రాంతముల జనులు బాటల వెంట పడి చచ్చుచుండిరి. కృష్ణకు ఆనకట్ట యింకను రాలేదు.

1837లో బ్రౌనుల అంగడి అగ్నికి ఆహుతియయ్యెను. చిన్న పనివానికి పనిముట్లు పోవుట రైతునకు ఎద్దులు పోవుటవంటిది. వారు మఱల మొదటినుండి ప్రారంభించిరి. 1841లో తండ్రి ఆ వ్యాపారము విడిచి పడమట ఇల్లినాయి రాష్ట్రమునకు తరలిపోయెను. అంగడి జోసెఫ్ ఒక్కనికే మిగిలెను. గడియారముల మరమ్మతులు, చిన్న చిన్న లేతు పనులు, సున్నితపు పనిముట్ల మరమ్మతులు, ఇట్టి పనులతో ఏండ్లు గడచెను. నలుబది యేండ్లు వచ్చువఱకు ఆయన పేరు ఆ పట్టణము దాటి వినబడినదని చెప్పజాలము.

అయినను ఆ మౌనకాలమున ఆయనను ఒక్క చింత వేధించుచుండెను. గడియారము చేయువాడు చేతితో కొలుచును. ఇంకొకడు చేసిన చక్రము ఇందులో ఇముడదు. ప్రతి చక్రమును ఆకురాయితో రాచి దాని గడియారమునకే సరిపుచ్చవలెను. కొలత లేనిచోట పనితనమంతయు ఒక్క మనుష్యుని వ్రేళ్లలోనే యుండును. ఆ మనుష్యుడు పోయిన నాడు అదియు పోవును. కనుక కొలబద్దలపై సమదూరముగ గీట్లు గీయు యంత్రమును ఆయన 1850లో నిర్మించెను. ఆ మఱుసటి యేట, అనగా 1851లో, దానితో వెర్నియరు కాలిపర్సు చేసి అమ్మకమునకు పెట్టెను. మన పాఠశాల ప్రయోగశాలలో విద్యార్థులు ఏటేట చేతబట్టు పనిముట్టిదియే. వెర్నియరు అను ఫ్రెంచివాడు ఆ కొలత యుక్తిని 1631లోనే చెప్పియుండెను. కాని దానిని అంగుళములో వేయవ వంతు చదువునట్లు చేసి, సామాన్యుడగు పనివాడు కొనగల వెలకు దెచ్చినవాడు బ్రౌను.

1848లో లూషియను షార్పు అను పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు ఆ అంగడిలో పని నేర్వ చేరెను. 1853లో బ్రౌను ఆ శిష్యునే భాగస్థుని చేసికొనెను. అప్పటికి అంగడిలో పనిచేయువారు పదునలుగురు. ఆ యేడే మన బెజవాడ యొద్ద కెప్టెన్ ఆరు పర్యవేక్షణమున కృష్ణ ఆనకట్ట పని జరుగుచుండెను. 1855లో నది ముగిసెను. ఒక గురువు శిష్యుని సరిసమానునిగా కూర్చుండబెట్టుట మా వృత్తివారు గమనింపదగిన సంగతి. మాలో నది అంత సులభముగ జరుగదు. షార్పు లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరములు, అమ్మకములు చూచుకొనెను. బ్రౌను తన బల్ల విడువలేదు.

ఈ జంట చేసిన తొలి పనులలో తీగల గేజీ యొకటి. ఆ కాలమున తీగకు నంబర్లుండెను గాని ఒక్కొక్క కార్ఖానా నంబరు ఒక్కొక్క లావు. 1857లో బ్రౌను, షార్పులు దీనినొక క్రమమున పెట్టిరి. మిక్కిలి లావుపాటి తీగ 0.46 అంగుళము, మిక్కిలి సన్ననిది 0.005 అంగుళము, నడుమ 39 మెట్లు, ప్రతి మెట్టునకును ముందటిదానికిని ఒకే నిష్పత్తి. గుణశ్రేఢి చదివిన విద్యార్థులు దీనిని తామే కట్టి చూడవచ్చును, నిష్పత్తి 1.1229 వచ్చును. అమెరికాలో విద్యుత్తీగల లావు నేటికిని ఈ లెక్కనే చెప్పుదురు. ఈ సంగతిని మేమిచ్చట వ్రాయుట ఊరక కాదు. తీగలకింత చక్కని క్రమము పెట్టిన అంగడిలోనే టేపర్లకు క్రమము కుదరకపోయెను. ఎందుకో ముందు తెలియును.

1858లో విల్‌కాక్సు, గిబ్సు అను వారి కుట్టు యంత్రములు చేయు పని వీరికి దొరకెను. ఒక్క యంత్రము చేయుట వేఱు, ఒకే తీరు యంత్రములు వేలకొలది చేయుట వేఱు. ఏ సూదికడ్డీ ఏ యంత్రమున పెట్టినను సరిపోవలెను. కొలత చింత ఇపుడు బ్రతుకుతెరువయ్యెను.

1861లో అమెరికా ఉత్తర దక్షిణ రాష్ట్రములకు బానిసత్వము కారణముగా యుద్ధము పుట్టెను. దాని వేడి మన జిల్లాలకును సోకినది: అమెరికా ప్రత్తి ఇంగ్లండునకు పోక నిలిచిపోగా గుంటూరు, కృష్ణా ప్రాంతముల ప్రత్తికి గిరాకి పెరిగి కాకినాడ రేవు కళకళలాడెను. అచ్చట ప్రావిడెన్సులో తుపాకుల పని ముమ్మరమయ్యెను. ప్రావిడెన్సు టూల్ కంపెనీలో తుపాకుల పని నడిపించు ఫ్రెడరికు హౌ అను నాతనికొక చిక్కు వచ్చిపడెను. తుపాకి మందు నంటించు టోపీని తొడుగు చిన్న కణుపులో సన్నని రంధ్రము తొలువవలెను. దానికి మెలిబరమా కావలెను, అనగా ఒంటిచుట్టును రెండు మెలిగాడులు గల ఉక్కు బరమా. ఆ గాడులగుండ ఇనుప రజను పైకి వచ్చివేయును. ఈ గాడులను పనివారు ఎలుకతోకవలె సన్నని ఆకురాయితో ఒక్కొక్కదానిని చేతితో రాచి చేయుచుండిరి. తుపాకులు వేలు, బరమాలు త్వరగ అరిగిపోవును, రాచు చేతులు కొలది. హౌ వచ్చి బ్రౌనును సలహా యడిగెను.

బ్రౌను బరమాను చూచి బరమాలు చేయు యంత్రమును మాత్రమే తలంపలేదు. ఇదియే ఆయన బుద్ధివిశేషమని మా అభిప్రాయము. మెలిగాడి కోయవలెనన్న లోహము ముందునకు సాగుచునే తిరుగవలెను. ఎంత సాగిన నెంత తిరుగవలెనో పండ్లచక్రములచే నిర్ణయింపవచ్చును. అట్టి యంత్రము బరమాకు గాడిని, చక్రమునకు పండ్లను, ఇంకను తలచినదెల్ల కోయగలదు. కనుక దానికి సర్వార్థ మిల్లింగు యంత్రమని పేరు కలిగెను. గుడివాడ పిల్లలకొక మాట: ఈ మిల్లింగునకును మన బియ్యపు మిల్లుకును పేరులో తప్ప సంబంధము లేదు, ఇచ్చట పండ్లుగల ఉక్కుచక్రము తిరుగుచు లోహమును చెక్కును. మొదటి యంత్రము 1862 మార్చి 14వ తేదీన ప్రావిడెన్సు టూల్ కంపెనీకే అమ్ముడుపోయెను. చేతితో రాచు దినములు అంతటితో సరి.

ఆయన యంత్రము తుపాకుల పనికై పుట్టినదను సంగతిని మేము దాచము. ఆ తుపాకులు బానిసల విడుదలకు తోడ్పడినవి. వేలమంది యువకుల ప్రాణములను తీసినవి. ఆ యంత్రమే తరువాత కుట్టు యంత్రములకును, సైకిళ్లకును చక్రములు కోసినది.

మెలిబరమా కథలో వేఱొకని పేరును చెప్పవలసియున్నది. 1827లో జన్మించిన స్టీఫెను ఆంబ్రోసు మోర్సు అను మసాచుసెట్సు వాసి 1863లో మెలిబరమాకు హక్కుపత్రము పొంది, 1864లో న్యూ బెడ్‌ఫర్డు పట్టణమున బరమాల కార్ఖానా స్థాపింపజేసెను. ఆ 1864 నవంబరు 1వ తేదీ రాత్రియే మన బందరును ఉప్పెన ముంచి సుమారు ముప్పదివేల ప్రాణములను తీసికొనిపోయినది. మోర్సు తన బరమాల పిడికి టేపరు నిచ్చెను. పిడి చివర నాలుకవలె నొక పలక నుంచెను. గుడివాడలో మేస్త్రీ మేకు దూర్చి కొట్టినది ఆ నాలుక తలపైననే.

బ్రౌను, షార్పుల మిల్లింగు యంత్రములకు వారి టేపరే యుండెను. స్పిండిలు, అనగా యంత్రపు తిరుగుడు కడ్డీ, మన రాట్నపు కదురునకు పెద్దన్న వంటిది. దాని మొనలోని రంధ్రము ఎట్లు సన్నగిల్లునో అందు దూరు ప్రతి పనిముట్టును అట్లే సన్నగిల్లవలెను. బ్రౌను, షార్పుల టేపరు అడుగునకు సుమారు అర అంగుళము. 1 మొదలు 18 వఱకు నంబర్లు. మోర్సు టేపరు అడుగునకు సుమారు ఐదెనిమిదవ వంతుల అంగుళము. 0 మొదలు 7 వఱకు నంబర్లు. ఒకదానిది ఇంకొకదానికి సరిపోదు. సరిపోయినట్లు కనబడి కొనయందు మాత్రము ఆని, లోపల ఆడుచుండుట మఱింత అపాయము. బరమా లోహములో నుండగా పిడి జాఱినచో లోపలి రంధ్రమంతయు గీచుకొనిపోవును. అటుపిమ్మట ఏ పిడియు అందు సరిగ నిలువదు.

ఇంతకంటె వింత యున్నది. మోర్సు టేపర్లు తమలో తామైనను ఏకముగ లేవు. 1వ నంబరు అడుగునకు 0.5986 అంగుళము, 2వది 0.5994, 3వది 0.6024, 4వది 0.6233, 5వది 0.6315. బ్రౌను వారివి అర అంగుళము చొప్పున దాదాపు సరిగనే యున్నను 10వ నంబరు మాత్రము 0.5161. మొదటి గేజీలలో దొరలిన చిన్న తేడాలే ఇట్లు పాతుకొనిపోయినవని చెప్పుదురు. ఒక్కమారు ఆ గేజీతో వేలకొలది బరమాలు చేసి దేశదేశములకు పంపినపిమ్మట తప్పును దిద్దుట ఎట్లు? దిద్దినచో పాత యంత్రములన్నియు పనికిమాలినవగును. తీగల విషయమున కాగితముపై లెక్క ముందు, తీగ వెనుక. టేపర్ల విషయమున పని ముందు, లెక్క వెనుక. ఈ లోపమునకు మోర్సునుగాని బ్రౌనునుగాని నిందింపజాలము. కాని దాని ఖర్చు నేటి పనివాడును చెల్లించుచున్నాడు. కోతల కాలమున ఇంజను ఆగి రైతు వాకిట నిలుచుండగా, ఉన్న బరమా పిడి యంత్రమునకు సరిపడక, నడుమ తొడుగు వెదకుటకే పూట గడచుటయు కలదు.

బ్రౌను ఆ తరువాత చేసిన పనులలో కొన్నిటిని త్వరగ చెప్పెదము. 1864లో, ముందువైపున సానబట్టినను ఆకారము మాఱని పండ్లగల కోతచక్రమునకు హక్కు పొందెను. 1867లో షార్పుతో గూడి పారిసు ప్రదర్శనమునకు పోయి, అచ్చట పామరు అను ఫ్రెంచివాని మరకొలతను చూచి, మఱుసటి యేటనే తమ అంగడిలో చిన్న మైక్రోమీటరు చేయించెను. ఇదియే మన ప్రయోగశాలలోని స్క్రూ గేజీకి దగ్గఱి చుట్టము. తాను చూచినది ఇతరునిదని బ్రౌను దాచుకొనలేదు. 1868లో వ్యాపారము బ్రౌను అండ్ షార్ప్ తయారీ కంపెనీగా ఏర్పడెను. 1872లో క్రొత్త కట్టడమునకు మాఱెను.

తుదిపని అన్నిటికంటె గొప్పది. ఉక్కును ఎఱ్ఱగ కాల్చి చల్లార్చి పదును పెట్టునపుడు అది కొంచెము వంకరపోవును, కొంచెము ఉబ్బును. ఎంత జాగ్రత్తగ కొలిచి చేసిన టేపరైనను కొలిమినుండి వచ్చునప్పటికి చెడును. పదును పెట్టనిచో త్వరగ అరుగును. పెట్టినచో కొలత తప్పును. ఈ రెండింటి నడుమ యంత్రశిల్పులు నలిగిపోవుచుండిరి. కమ్మరి పదును పెట్టిన కొడవలిని సానరాయిపై సరిచేయును గదా. ఆ సానరాయిని కొలతకు లొంగదీయుటయే బ్రౌను చేసిన పని. పదునైన ఉక్కుకడ్డీని రెండు మొనల నడుమ నిలిపి నెమ్మదిగ త్రిప్పుచు, దాని ప్రక్కన సానచక్రమును వడిగ త్రిప్పి, బల్లను అటునిటు నడిపించు యంత్రమును ఆయన రూపొందించెను. ఆ బల్లను కావలసినంత కోణమునకు త్రిప్పి బిగింపవచ్చును. కోణము లేనిచో నిలువు కడ్డీ వచ్చును. కొంచెము త్రిప్పినచో టేపరు వచ్చును. పదును చెడకుండ, కొలత చెడకుండ, నూఱు పిడులు ఒకే తీరుగ. టేపరు అను యుక్తి మన బిరడలంత పాతది. దానిని నమ్మదగినదిగ చేసినది ఈ సాన యంత్రము.

బ్రౌను అంగడిలో పనిచేసి, అనంతరము కాడిలాకు మోటారు కంపెనీని నెలకొల్పిన హెన్రీ లీలండు, తన యజమాని చేసిన పనులన్నిటిలోను ఈ సాన యంత్రమునకే అగ్రస్థానమిచ్చెను. మేమును అట్లే తలంతుము.

1876లో అమెరికా స్వాతంత్ర్యము పొంది నూఱేండ్లు నిండిన సందర్భమున ఫిలడెల్ఫియాలో గొప్ప ప్రదర్శనము జరిగెను. సాన యంత్రమును అచ్చట నిలిపిరి. ఆ వేసవిలోనే, ప్రదర్శనము సాగుచుండగనే, జూలై 23వ తేదీన, సముద్రము నడుమనున్న షోల్సు దీవులలో బ్రౌను కన్నుమూసెను. ఆయనకప్పటికి అఱువదియాఱేండ్లు. ఆ యంత్రమునకు హక్కుపత్రము 1877 ఫిబ్రవరిలో వచ్చెను. ఆయన దానిని చూడలేదు.

ఆయన వెనుక టేపర్ల కలత ఊరకుండలేదు. ఆ కంపెనీలోనే ఆస్కరు బీలు అను పనివాడు, లెక్కలయందు మిక్కిలి ఆసక్తిగలవాడు, తీగల గేజీవంటి క్రమమును టేపర్లకును తేబూనెను. జార్నో టేపరని దానికి పేరు. అందు నంబరే సర్వము చెప్పును: లావుకొన వ్యాసము అంగుళములో ఎనిమిదవ వంతులు అన్ని, సన్నకొన వ్యాసము పదవ వంతులు అన్ని, పొడవు అర అంగుళములు అన్ని. 8వ నంబరు తీసికొందము. లావుకొన 1 అంగుళము, సన్నకొన 0.8, పొడవు 4 అంగుళములు. నాలుగంగుళములలో 0.2 తగ్గినది, పండ్రెండంగుళములలో 0.6. ఏ నంబరు తీసికొన్నను 0.6 వచ్చును. ఇంత అందమైన లెక్క లోకమున నిలిచెనా యన్న, కొన్ని యంత్రములయందు తప్ప నిలువలేదు. అప్పటికే మోర్సు బరమాలు ప్రపంచమంతట పరచుకొనియుండెను. అందము ఆలస్యముగ వచ్చినది.

1927 ప్రాంతమున అమెరికా మిల్లింగు యంత్రముల కార్ఖానాలవారు వేఱొక త్రోవ త్రొక్కిరి. మోర్సు టేపరు, బ్రౌను టేపరు రెండును పట్టినపట్టు విడువనివి. వాని మొత్తము కోణము రెండు మూడు డిగ్రీలు మాత్రమే. కోణము చిన్నదైనకొలది ఘర్షణ గెలుచును. చిన్న బరమాకది మేలే గాని పెద్ద కోతచక్రమును ఊడదీయుటకు సమ్మెట దెబ్బలు కావలసివచ్చెను. కనుక అడుగునకు మూడున్నర అంగుళముల టేపరు ఏర్పఱచిరి. ఇరువదినాలుగు పాళ్ల పొడవునకు ఏడు పాళ్ల వ్యాసము తగ్గును. కోణము పదునాఱున్నర డిగ్రీలకు కొంచెము మించును. ఇది తనంతట పట్టుకొనదు. నడిమికి మాత్రము తెచ్చును. బిగించుట వెనుకనుండి లాగు మరకడ్డీ పని, త్రిప్పుట ముందున్న దిమ్మల పని. ఒకే టేపరు రెండు పనులు చేయనేలయని విడదీసిరన్నమాట. కంప్యూటరు నడుపు నేటి యంత్రములలో పనిముట్టు దానంతటదే మాఱునది ఈ విధమువలననే; జర్మనీలో పుట్టిన బోలు పిడి టేపరొకటియు నిపుడు వ్యాప్తిలో నున్నది, పదింటికొకటి చొప్పున సన్నగిల్లునది. మన తెలుగుసీమలో 1943లో సికింద్రాబాదున స్థాపింపబడిన ప్రాగా టూల్సు కార్ఖానా ఇట్టి యంత్రసామగ్రిని చేసి పేరొందినది.

గుడివాడనుండి తిరిగి వచ్చిన వారమునకు ఆ మేస్త్రీ దయతో ఒక పాత బరమాను మా పాఠశాలకు పంపించెను. విద్యార్థులు ప్రయోగశాలలోని వెర్నియరుతో దాని పిడిని కొలిచిరి. ఇద్దఱు కొలిచినది ఇద్దఱకు సరిపోలేదు. మూడవమారు కొలిచిన పిమ్మట లావుచోట 0.700 అంగుళము, సన్నచోట 0.572, నడుమ పొడవు 2 అంగుళముల 9/16 అని నిర్ణయించుకొనిరి. తేడా 0.128. దానిని పండ్రెండుచే గుణించి పొడవుచే భాగింపగా 0.5994 వచ్చెను. మోర్సు టేపరు 2వ నంబరని నల్లబల్లపై వ్రాసి సంతోషించిరి. ఆ సంగతి మేస్త్రీకి చెప్పగా ఆయన నవ్వి, బరమాను చేతిలో నొకమారు త్రిప్పి చూచి, అది రెండవ నంబరని తమకు అడిగిననాడే చెప్పియుందునుగదా యనెను.